మా వదినా, తెల్ల పళ్లెమూ, నలభై వేల చేపపిల్లలూ

మా వదిన ఒకసారి వానని వెనక్కి పంపించేసింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఖర్మ. మబ్బు సరిగ్గా మా చేపపిల్లల కేంద్రం నెత్తిమీదకి వచ్చి కురవబోతుంటే, వదిన నడుం మీద చెయ్యి వేసుకుని పైకి చూసి, "ఏ చెరువులో నీళ్లు తాగి వచ్చావు? కాగితం ఏదీ?" అంది. మబ్బు నీళ్లు నమిలింది. "అయితే వచ్చిన దారినే పో" అంది వదిన. పోయింది. ఆ రోజు ఊరంతా తడిసి ముద్దయింది, మా తొట్లలో మాత్రం చుక్క పడలేదు.

ఇంతటి మనిషి ఎలా ఉంటుందో అని మీరు ఊహించుకునేలోపు నేనే చెప్పేస్తాను. ఐదడుగులకి రెండు వేళ్లు తక్కువ. ముక్కు మీద కళ్లజోడు, ముక్కు కొసన కోపం. చేతులు రోజంతా నీళ్లలో నాని నాని, సాయంత్రానికి ఎవరో ముసలావిడ దగ్గర అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. మా అన్నయ్య భార్య. నేను ఎనిమిదో తరగతిలోనే బడికి విముక్తి ప్రసాదించాను. ఆ తర్వాత పదేళ్లపాటు ఏ పనీ నన్ను నెల మించి భరించలేదు. అప్పుడు, "కూర్చుని కోతలు కోసే బదులు నిలబడి వలలు ఉతుకు" అని ఈ కేంద్రంలో పెట్టించింది తనే. అన్నయ్య ఇక్కడే లారీ నడుపుతాడు. అంటే ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, పనిలోనూ వాళ్ల మాటే చెల్లుతుంది.

మా పని తేలికగా చెప్పాలంటే ఇది. రేకుల షెడ్డు కింద మూడు వరసల సిమెంటు తొట్లు. వాటిలో గుడ్లు పిల్లలవుతాయి, పిల్లలు వేలెడంత అవుతాయి. అప్పుడు వాటిని లారీ మీది ట్యాంకులోకి ఎక్కించి, చుట్టుపక్కల చెరువులకీ నదికీ తీసుకెళ్లి వదులుతారు. ఏడాది తిరిగేసరికి అవి చేపలై జాలర్ల వలలో పడతాయి. గాలి పంపు రాత్రీ పగలూ గుర్రు పెడుతూనే ఉంటుంది. అది ఆగిందంటే అందరికీ మెలకువ వస్తుంది, మధ్యాహ్నం అయినా సరే.

గేటు పక్కన చిన్న రేకు నీడ, దాని కింద ఒక బల్ల, బల్ల మీద తెల్ల ఎనామిల్ పళ్లెం. అదే వదిన సింహాసనం. ఏ లారీ బయటికి వెళ్లాలన్నా ట్యాంకు పైనుంచి ఒక మగ్గు, మధ్యనుంచి ఒక మగ్గు, అడుగునుంచి ఒక మగ్గు తోడి ఆ పళ్లెంలో పోసుకుంటుంది. చేపపిల్లలు తప్ప వేరే ఏదైనా కనబడిందా, నాచుముక్క గానీ, పురుగు గానీ, పక్క చెరువు చేప పిల్ల గానీ, లోడు కాగితం మీద ముద్ర పడదు. ముద్ర లేకపోతే గేటు లేవదు. బయటి లారీలు లోపలికి రావాలన్నా చక్రాలు కడిగించుకుని, తాళ్లు దులిపించుకుని రావాలి. అందుకే డ్రైవర్లంతా 'కస్టమ్స్ అక్క' అని పేరు పెట్టారు. ఒక్కో చెరువుకి ఒక్కో రంగు బకెట్టు, అదే రంగు వల. నీలం బకెట్టు పోయి పసుపు బకెట్టు పక్కన కూర్చుందంటే ఆ పూట ఎవరి పప్పులూ ఉడకవు.

ఇంట్లో మాత్రం తక్కువా? మా ఇంట్లో చెప్పులు గుమ్మం బయట విడవడం కాదు, అప్పగించాలి. అన్నయ్య ప్యాంటు మడతలు విప్పి, చిన్న బ్రష్షుతో దులిపి, అప్పుడు గానీ కంచం పెట్టదు. "పెళ్లాన్ని చేసుకున్నానా, తనిఖీ కేంద్రాన్ని చేసుకున్నానా?" అంటాడు అన్నయ్య. అంటూనే రెండో కాలు చాపుతాడు.

ఈ పిచ్చికి ఒక కారణం ఉంది. అది నాకు ఒక్కసారే చెప్పింది, పళ్లేలు తుడుస్తూ. వదిన వాళ్ల నాన్న క్వారీ చెరువులో చేపలు పట్టేవాడు. తొమ్మిదేళ్ల క్రితం, తను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, క్వారీ చెరువుకి వెళ్లే లోడులో ఆవగింజంత నత్త ఒకటి కనబడింది. అప్పటికి తను కొత్త, మిగతా అందరూ తలపండినవాళ్లు, లారీ ఇంజను అప్పటికే మోగుతోంది. 'నత్తే కదా' అనుకుని ఊరుకుంది. ఆ నత్తని మావాళ్లు తాళం నత్త అంటారు. దాన్ని ముట్టుకుంటే చాలు, తలుపు వేసేసుకుని వారాల తరబడి లోపలే కూర్చుంటుంది. ఎండబెట్టినా చావదు, కడిగినా కదలదు. మూడేళ్లలో క్వారీ చెరువు అడుగంతా అవే. చేపలు గుడ్లు పెట్టుకునే మొక్కలన్నిటినీ మేసేశాయి. వలలో చేపలకి బదులు గంపలకొద్దీ నత్తలు. వదిన వాళ్ల నాన్న పడవని ఒడ్డున బోర్లించి, బట్టల కొట్లో కాపలా పనికి కుదిరాడు. అక్కడ ఫ్యాను కింద కుర్చీ వేశారు. "నీ నత్త పుణ్యమా అని ముసలితనంలో గాలికి కూర్చున్నానే" అని ఇప్పటికీ కూతుర్ని ఆటపట్టిస్తాడు. ఆ నత్తే ఇన్నిటిని పెట్టిందని ఎవరూ చెప్పలేరు. కాదనీ చెప్పలేరు. ఆయన నవ్వుతాడు గానీ వదిన నవ్వదు.

ఇక అసలు కథ. మా చుట్టుపక్కల తాళం నత్త అడుగుపెట్టని పెద్ద నీటివనరు ఒక్కటే మిగిలింది, పెద్ద చెరువు. దాని మీద రెండు వందల కుటుంబాలు బతుకుతాయి. వాళ్ల సంఘానికి నలభై వేల పిల్లలు పంపాల్సిన రోజు. ముందు రోజే అన్నయ్య క్వారీ చెరువుకి ఒక లోడు దింపి వచ్చాడు. నత్తల్ని తినే రకం చేపలట, ప్రయత్నించి చూద్దామని పైవాళ్లు పంపారు. తొమ్మిదేళ్లలో మా లారీ ఆ చెరువు మొహం చూడడం అదే మొదటిసారి. తిరిగొచ్చాక వదిన తనే ట్యాంకులోకి దిగి, వేడినీళ్లూ ఉప్పూ పోసి, మూలమూలా తోమింది. నేను పైనుంచి దీపం పట్టుకున్నాను. ఆ ట్యాంకులో మనం అన్నం వండుకోవచ్చు, అంత శుభ్రం.

పొద్దున పిల్లల్ని ఎక్కించాం. ఖాళీ అయిన తొట్లకి వెంటనే సున్నం పట్టించడం మొదలైంది, అంటే పిల్లలకి ఇక వెనక్కి వెళ్లే ఇల్లు లేదు. ట్యాంకులో సాయంత్రం దాకా తట్టుకుంటాయి. ఆపైన ఒక్కొక్కటే తెల్లబొజ్జ చూపిస్తాయి.

వదిన మూడు మగ్గులు పళ్లెంలో పోసింది. కళ్లజోడు సర్దుకుంది. చూసింది. బ్రష్షు కొసతో దేన్నో తాకింది.

"ఏవండీ, ఇంజను ఆపండి."

"ఏం?" అన్నాడు అన్నయ్య, కిటికీలోంచి.

"ఆపండి, చెప్తా."

"చెప్తే ఆపుతా."

"ఆపితే చెప్తా."

ఆపాడు. పెళ్లయి పన్నెండేళ్లు, ఇంకా ఎదురు మాట్లాడి చూస్తాడు, అదీ అన్నయ్య ధైర్యం.

నేను పళ్లెంలోకి తొంగి చూశాను. నాకేమీ కనబడలేదు. "నీ కళ్లు కోతలకే పనికొస్తాయి. ఇదిగో" అని వదిన బ్రష్షు చూపించింది. ఆవగింజ. ముట్టుకోగానే తలుపేసుకున్న ఆవగింజ.

మా మేనేజరు సారు చెవి దగ్గర ఫోనుతోనే పరిగెత్తుకొచ్చారు. అవతల పెద్ద చెరువు సంఘం ప్రెసిడెంటు, అప్పటికి నాలుగోసారి. "అమ్మా, ఒక్క నత్తేగా! తీసి అవతల పారేసి ముద్ర కొట్టెయ్యి."

"ఒకటి నాకు కనబడింది సార్. కనబడనివి ఎన్నో మీరు చెప్పండి, కొట్టేస్తా."

సారు ఫోనులో, "బయల్దేరుతోందండీ, ఇదిగో ఇప్పుడే" అన్నారు.

ఇప్పుడే అన్నది మధ్యాహ్నం దాకా సాగింది. నలభై వేల పిల్లల్నీ చేతివలలతో దించి, గుడ్డ చట్రాల్లో పోసి, మూడు డ్రమ్ముల మంచినీళ్లలో ముంచి తేల్చి మళ్లీ ఎక్కించాం. నేను ఒక్కణ్ణే ముప్పైతొమ్మిది వేలు దించానని చెప్పుకుంటాను, అడ్డొచ్చేవాళ్లెవరో రండి. వదిన ట్యాంకుని మళ్లీ వేడినీళ్లతో కడిగింది. నా వలలు చూసింది. నా జేబులు చూసింది. జేబులో వేరుశనగలు దొరికితే అవి కూడా వలిచి చూసింది, చూసి తినేసింది. మళ్లీ నీళ్లు, మళ్లీ పిల్లలు, మళ్లీ మూడు మగ్గులు.

మళ్లీ ఆవగింజ.

వదిన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నా చేత్తో కడిగాను" అంది. "రెండుసార్లు."

సారుకి కూడా జాలి వేసినట్టుంది. గొంతు తగ్గించి, "చూడమ్మా, చెయ్యగలిగిందంతా చేశావు. పిల్లలు చచ్చిపోతాయి, అవతల వాళ్లు ఒడ్డున కూర్చున్నారు. ఈ ఒక్క లోడుకి సంతకం నేను పెడతాను. ఏమైనా అయితే నీ మీదకి రాదు" అన్నారు.

"నా మీదకి రాకపోతే ఎవరి మీదకి వెళ్తుంది సార్? చెరువు మీదకేగా." కళ్లజోడు పెట్టుకుంది. "ఒక్క గంట ఇవ్వండి. గంటలో తేలకపోతే మీ ఇష్టం."

సారు గడియారం చూసుకున్నారు. "గంటంటే గంటే."

వదిన బోరు పైపు విప్పించింది. రబ్బరు గొట్టం కడుపులోకి చెయ్యి దూర్చినంత పని చేసి చూసింది. ఎక్కడా లేదు. అరగంట అయిపోయింది. తిరిగి తిరిగి ట్యాంకు నిచ్చెన ఎక్కి, లోపలికి చూస్తూ నిలబడిపోయింది. నేనూ ఎక్కాను.

"కోతలరాయుడూ, ఈ పిల్లలు ఎలా ఉన్నాయి?"

"బంగారంలా ఉన్నాయి వదినా. పాలు తాగి పడుకున్నట్టు."

"అదే. ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించాం. వేడినీళ్లతో కడిగిన ట్యాంకు, కొత్త నీళ్లు. ఈపాటికి బెదిరిపోయి పైకెగిరి చావాలి. ఇంత నెమ్మదిగా ఎందుకున్నాయి?"

నాకేం తెలుసు? నేను నెమ్మదిగా ఉన్నదాన్ని ఎప్పుడూ ప్రశ్నించను.

వదిన నిచ్చెన దిగి, లారీ నీడలో కూర్చున్న అన్నయ్య దగ్గరకి వెళ్లింది. అప్పుడు ఆవిడ నోటివెంట వచ్చిన గొంతు నేను ఇంతకు ముందు ఎన్నడూ వినలేదు. తేనెలో ముంచి తీసినట్టుంది. "ఏవండీ, మిగతా డ్రైవర్ల లోడుల్లో పిల్లలు ఊరికే చస్తాయంటారే. మీ లోడులో ఒక్కటీ చావదు. ఎలా చేస్తారో మీరెప్పుడూ చెప్పనేలేదు."

పన్నెండేళ్ల కాపురంలో మొదటి మెప్పు. అన్నయ్య కరిగి కాలవైపోయాడు. "అది హస్తవాసి. అందరికీ రాదు. నాకు లారీ నేర్పిన ముసలాయన చెప్పిన రహస్యం" అని క్యాబిన్‌లోకి వెళ్లి, సీటు కింద చెయ్యి పెట్టి, ఐదు లీటర్ల పాత ప్లాస్టిక్ డబ్బా బయటికి లాగాడు. అడుగున రెండు గ్లాసుల నీళ్లు. "తోడు! పాలకి తోడు వేస్తామా లేదా? అలాగే నీళ్లకీ వెయ్యాలి. ఒట్టి కొత్త నీళ్లంటే పిల్లలకి పరాయి ఇల్లు. వెళ్లిన ప్రతి చెరువులోంచీ కాసిని పాత నీళ్లు పట్టుకొచ్చి దాచుకుంటా. బయల్దేరేముందు ట్యాంకులో ఒక ముంత పోస్తానా, కుక్కిన పేనుల్లా పడుంటాయి. పొద్దున పోశా. ఇందాక నువ్వు మగ్గు తేవడానికి వెళ్లినప్పుడు మళ్లీ పోశా, పాపం దించి మళ్లీ ఎక్కించారు కదా అని."

"ఇవి ఏ చెరువు నీళ్లు?" అంది వదిన. తేనె ఇంకిపోయింది.

"నిన్నటివే. క్వారీ..."

అక్కడ ఆగిపోయాడు. డబ్బాని మెల్లగా కింద పెట్టాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా వదిన పొగిడి పట్టింది.

ఇక చూడు, ఇప్పుడు లారీతో సహా అన్నయ్యని వేడినీళ్లలో ముంచుతుందని నేను రెండడుగులు వెనక్కి వేశాను. వదిన డబ్బాలోని నీళ్లు తెల్ల పళ్లెంలో వంచింది. చూసింది. ఆ తర్వాత నేల మీద చతికిలబడింది.

"తొమ్మిదేళ్లుగా మీ చెప్పులు చూస్తున్నాను, ప్యాంటు మడతలు చూస్తున్నాను. సీటు కింద చూడాలని తట్టలేదు నాకు."

"నిన్నటి దాకా అందులో అన్నీ మంచి చెరువుల నీళ్లే, ఒట్టు" అన్నాడు అన్నయ్య. "పిల్లలు బెదురుతాయని పోశానే గానీ..."

"తెలుసు. మీ బుద్ధి మంచిదే, డబ్బాయే చెడ్డది." లేచి చీర దులుపుకుంది. "అయినా మీరన్నదాంట్లో నిజం లేకపోలేదు. తోడు వేస్తే నెమ్మదిస్తున్నాయి, నా కళ్లతో నేనే చూశాను. తోడు కావాలంటే ఇంట్లోంచి తీసుకెళ్లండి, వీధిలోంచి తేకండి. అవి పెరిగిన తొట్టి నీళ్లే రెండు బకెట్లు పొయ్యండి. పుట్టింటి నీళ్లకంటే వాటికి ఇంకేం కావాలి?"

సున్నం పట్టించకుండా ఒక్క తొట్టి మిగిలుంది, ఆ మూలది. అందులో మోకాలి లోతు పాత నీళ్లు. వదిన వాటిని మూడు పళ్లేలు చూసి సరేనంది. గంటలో మిగిలిన సగం ముగిసేలోపే పిల్లల్ని రెండోసారి దించడం మొదలైంది. ఈసారి సారు కూడా ప్యాంటు పైకి మడిచి వల పట్టుకున్నారు. తడిసిన మేనేజర్ని చూడడం మాకందరికీ ఆ ఏడాదిలో దొరికిన పెద్ద పండగ. డబ్బాని మరుగుతున్న నీళ్లలో వేసి, అది మెత్తబడి వంకర తిరిగే దాకా ఉంచాం. అన్నయ్య దాని పక్కనే నిలబడి, చిన్నప్పటి స్నేహితుణ్ణి సాగనంపుతున్నట్టు చూశాడు. ట్యాంకు మూడోసారి కడిగి, తొట్టి నీళ్లు తోడు వేసి, పిల్లల్ని ఎక్కించాక వదిన మూడు మగ్గులు కాదు, పదిహేను మగ్గులు చూసింది. పదహారోది కూడా తోడబోతుంటే సారు దణ్ణం పెట్టారు. అప్పుడు ముద్ర పడింది. ఆ ముద్ర చప్పుడు పెద్ద చెరువు అవతలి ఒడ్డుకి వినిపించిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

క్యాబిన్‌లో ముగ్గురం ఇరుక్కుని బయల్దేరాం. వదిన మధ్యలో. దారిలో ఒకసారి వంగి సీటు కింద చెయ్యి పెట్టి తడిమింది. "ఏముందే అక్కడ?" అన్నాడు అన్నయ్య. "ఏమీ లేదు. అదే చూస్తున్నా" అంది.

మేం చేరేసరికి ఎండ ఇంకా గంట మిగిలుంది. ప్రెసిడెంటు గారు ఒడ్డున కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఆయన నోరు విప్పేలోపే అన్నయ్య ఎదురెళ్లి, "ఆలస్యం నావల్లే జరిగిందండీ. మీ చెరువులోకి నత్తలు తెచ్చేవాణ్ణి. మా ఆవిడ ఆపింది" అన్నాడు. ఎవరూ అడగకుండా, అందరి ముందూ. వదిన అన్నయ్య వంక చూసింది. చెరువు నీళ్లని ట్యాంకులోకి కొంచెం కొంచెంగా కలిపే ఆ అరగంటా పక్కనే నిలబడి తనే మగ్గు అందించింది. ఆ పని రోజూ అన్నయ్య ఒక్కడే చేసుకుంటాడు.

పిల్లలు గొట్టంలోంచి చెరువులోకి జారుతుంటే నీళ్లమీద వెండి గీతలు పరుగెత్తాయి. జాలర్లంతా మాటలు మాని చూశారు. ఒక ముసలావిడ నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి, పిల్లలు కాళ్ల చుట్టూ తిరుగుతుంటే చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వింది.

అప్పుడు నేను ప్రెసిడెంటు గారిని పక్కకి తీసుకెళ్లి విషయం విడమరిచి చెప్పాను. డబ్బాలోంచి పదకొండు నత్తలు వచ్చాయనీ, ఒక్కోటి నిమ్మకాయంత ఉందనీ, అందులో ఒకటి తలుపు తీసి వదినకి లంచం ఇవ్వబోయిందనీ, అయినా ఆవిడ లొంగలేదనీ, ఇక ఈ చెరువుకి వెయ్యేళ్ల వరకు ఢోకా లేదనీ. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. వదిన దగ్గరకి వచ్చి రెండు చేతులూ జోడించి, "మా చెరువుని కాపాడావు తల్లీ" అన్నారు.

వదిన గొట్టం చుట్ట చుడుతోంది. తల ఎత్తకుండానే అంది:

"రెండండీ. డబ్బాలో ఉన్నవి రెండు, ఆవగింజలంత. కాపాడానో లేదో ఇప్పుడే చెప్పలేను, వచ్చే ఏడాది నీళ్లు తగ్గాక రాళ్లు తిరగేసి చూడాలి. ఇవాళ లారీలో లేవు, అంతవరకే నాకు తెలుసు."